34 నిండాయి, ఇంకో రెండేళ్లు ఆగొచ్చా? ఆలస్యంగా కన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి

మబ్బుచాటు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

పోయిన నెలతో నాకు 34 నిండాయి. మా ఆయనకి 38. పెళ్లయి ఆరేళ్లు. పిల్లలు వద్దనుకున్నవాళ్లం కాదు, కావాలి, ఇద్దరైతే బాగుంటుందని పెళ్లికి ముందే మాట్లాడుకున్నాం కూడా. కానీ మొదట నా చదువు పూర్తవ్వాలని ఆగాం, తర్వాత ఆయన ఉద్యోగం మారారు, ఆ తర్వాత ఇంటి అప్పు, అది కాస్త తేలికపడేసరికి నా ప్రమోషన్. ప్రతిసారీ "ఒక్క రెండేళ్లు ఆగుదాం" అనే మాటే. ఆ మాట మూడుసార్లు అనుకునేసరికి ఆరేళ్లు అయిపోయాయి. ఎవరైనా అడిగితే నీళ్లు నమలడం అలవాటైపోయింది.

పది రోజుల కింద హెల్త్ చెకప్‌కి వెళ్తే అక్కడి ప్యాకేజీలో ఏఎంహెచ్ అనే టెస్టు కూడా ఉంది, ఎలాగూ రక్తం ఇస్తున్నాను కదా అని చేయించుకున్నాను. 1.1 వచ్చింది. ఆ అంకె పక్కన ఎర్రటి బాణం గుర్తు, కిందికి. దాని గురించి చెప్పడానికి అక్కడ డాక్టర్ ఎవరూ లేరు, కాగితం మెయిల్‌లో వచ్చింది, అంతే. ఆ రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నా. ఒకచోట నాకు ఇక టైమ్ లేదని ఉంది, ఇంకోచోట 45లో కవలల్ని కన్న నటి నవ్వుతున్న ఫోటో ఉంది. ఏది నమ్మాలి?

"ఏ వయసుకా ముచ్చట" అని పెద్దవాళ్లు అంటే ఇన్నాళ్లూ కోపం వచ్చేది. ఇప్పుడు అదే మాట నిద్రలో కూడా వినిపిస్తోంది.

ఆ 1.1కి అసలు అర్థం ఏమిటి, నాకు నిజంగానే టైమ్ అయిపోతోందా? అండాలు ఫ్రీజ్ చేయించుకుని రెండేళ్లు నిశ్చింతగా ఉండొచ్చని ఒక స్నేహితురాలు అంటోంది, అది ఎంతవరకు నిజం? అన్నిటికంటే ముఖ్యంగా, 38, 40 దాటాక కన్నవాళ్లు ఇక్కడ ఉంటే మీ బతుకు నిజంగా ఎలా ఉందో చెప్పండి. ధైర్యం చెప్పడం కోసం రాయకండి, ఉన్నది రాయండి. మా ఆయనతో ఈ రిపోర్టు సంగతి ఇంకా మాట్లాడలేదు. ఆయనకి తొందర లేదనిపిస్తుంది, నేను మొదలుపెడితే ఒత్తిడి చేస్తున్నట్టు అవుతుందేమోనని.

రెండుజడలు

చెల్లీ, నేను 36లో మొదలుపెట్టాను, 39 నిండాక పాప పుట్టింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు, నాకు 44 దాటాయి. "చూడు, 39లో కూడా పుట్టింది కదా" అని మా చుట్టాల్లో నన్ను ఉదాహరణగా చూపిస్తుంటారు. వాళ్ల దగ్గర ఉన్నది పాపని ఎత్తుకున్న ఫోటో. దానికి ముందు మూడేళ్లు ఆ ఫోటోలో కనిపించవు, అందుకే రాస్తున్నాను.

మొదటి ఎనిమిది నెలలు ఏమీ లేదు. తర్వాత నెల తప్పింది. తొమ్మిదో వారం స్కానింగ్‌కి వెళ్తే, ఆ గదిలో మానిటర్‌ని నావైపు తిప్పి ఉంచారు, చూపిస్తూ చెప్తున్న డాక్టరమ్మ ఒక్కసారి మాట ఆపేసి మానిటర్‌ని మెల్లగా తనవైపు తిప్పుకుంది. ఆవిడ నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది. గుండె కొట్టుకోవట్లేదు. ఆరు నెలల తర్వాత ఇంకోటి, ఏడో వారంలో. రెండోసారి ఆ కణజాలాన్ని పరీక్షకి పంపితే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉందని వచ్చింది. నువ్వు మెట్లెక్కడం వల్ల కాదు, ఆఫీసుకి వెళ్లడం వల్ల కాదు, ఆ గర్భం ఎలాగూ నిలబడేది కాదు అని డాక్టర్ చెప్పాక గానీ నన్ను నేను తిట్టుకోవడం ఆపలేదు. ఇరవైల్లో తెలిసిన గర్భాల్లో పదింట ఒకటి పోతే, నలభై దాటాక మూడింట ఒకటి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతాయట. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే దుఃఖం తగ్గేది కాదు, కానీ తప్పు చేశానన్న భావన ఉండేది కాదు.

తర్వాత ఐవీఎఫ్, అంటే ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసి కడుపులో పెట్టడం. మొదటిది ఫెయిల్, రెండోది నిలబడింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి అలారం, ఇంజెక్షన్. పిండం పెట్టాక గర్భం నిలబడటానికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, అది నూనెలో కలిపిన మందు, చిక్కగా ఉంటుంది. మా ఆయన ఆ సీసాని గుప్పిట్లో పట్టుకుని పది నిమిషాలు వెచ్చబెట్టేవాడు, అప్పుడు కాస్త తేలిగ్గా ఎక్కుతుందని. ఎక్కించాక తుంటి మీద గడ్డకట్టేది, వేడి గుడ్డతో రుద్దేవాడు. డెబ్బై రోజులు. ఒక వైపు చోటు లేక ఇంకో వైపు. గర్భంలో చివర్లో బీపీ వచ్చింది, 36వ వారంలోనే ఆపరేషన్ చేసి తీశారు. పాప బాగుంది, నేనూ బాగున్నాను.

ఇక బతుకు ఎలా ఉందంటే, 25లో కంటే నాకు ఇప్పుడు ఓర్పు పదిరెట్లు ఎక్కువ. పాప పాలు ఒలకబోస్తే నవ్వగలను, 25లో ఏడ్చేదాన్నేమో. డబ్బు టెన్షన్ లేదు, ఆఫీసులో నా మాటకి విలువ ఉంది, సెలవు కావాలంటే ఎవరినీ బతిమాలక్కర్లేదు. కానీ ఒళ్లు వినదు. రాత్రి మూడుసార్లు లేస్తే ఆ నిద్ర తీరడానికి రెండు రోజులు పట్టేది. ఇంకొకటి ఎవరూ చెప్పనిది, పాపకి పదకొండు పన్నెండేళ్లు వచ్చి దాని నెలసరి మొదలయ్యే నాటికి నాది ఆగిపోయే వయసు. ఇద్దరికీ ఒకేసారి ఒంట్లోనూ మనసులోనూ అలజడి. ఇప్పటి నుంచే దాని గురించి ఆలోచిస్తున్నా.

రెండో బిడ్డ కావాలని ఇద్దరికీ ఉండేది. ప్రయత్నించాం, అవలేదు, ఆపేశాం. నువ్వు ఇద్దరు అన్నావు చూడు, నీ పోస్టులో నా మనసు ఆగిపోయింది అక్కడే. ఒకరే చాలు అనుకుంటే నీ లెక్క వేరు, ఇద్దరు అనుకుంటే వేరు.

గాజుపలక

నేను ఐవీఎఫ్ ల్యాబ్‌లో పనిచేస్తాను, మైక్రోస్కోప్ కింద అండాల్నీ పిండాల్నీ చూడటమే నా ఉద్యోగం. డాక్టర్‌ని కాదు, కాబట్టి మందుల గురించి చెప్పను. కానీ ఆ ఎర్ర బాణం చూసి భయపడినవాళ్లని వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తుంటాను.

ఏఎంహెచ్ అనేది మీ అండాశయంలో ఎన్ని అండాలు మిగిలాయో చెప్పే ఒక అంచనా. ఎన్ని అన్నదే చెప్తుంది, అవి ఎలాంటివో చెప్పదు. నెలకి విడుదలయ్యేది ఎలాగూ ఒక్క అండమే కదా, సంచిలో వంద ఉన్నా వెయ్యి ఉన్నా. ఐవీఎఫ్‌కి వెళ్తే ఇంజెక్షన్లకి ఎన్ని అండాలు వస్తాయో లెక్కగట్టడానికి ఈ టెస్టు బాగా పనికొస్తుంది, మామూలుగా గర్భం వస్తుందో రాదో చెప్పడానికి పనికిరాదు. 2017లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, అంతకుముందు పిల్లలు పుట్టకపోవడమనే సమస్య లేని 30 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లు సుమారు 750 మందితో. అందులో ఏఎంహెచ్ 0.7 కంటే తక్కువ ఉన్నవాళ్లకీ మామూలుగా ఉన్నవాళ్లకీ గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంకో మాట, మీరు గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నారా? అవి వాడుతుంటే ఏఎంహెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఈ సంగతి అడక్కుండానే రిపోర్టులు ఇచ్చేస్తున్నారు.

అంటే 1.1 వచ్చిందని కుంగిపోకండి. అలాగే రేపు ఎవరికైనా 4 వస్తే, ఇంకో ఐదేళ్లు ఆగొచ్చని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కూడా కాదు. ఎందుకంటే అసలు సంగతి అండం వయసు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ అండాలన్నీ తయారైపోతాయి, పుట్టేనాటికి పది ఇరవై లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. తర్వాత కొత్తవి పుట్టవు. ఒక్కో అండం తన క్రోమోజోమ్ జతల్ని పట్టుకుని, సగంలో ఆపేసిన పనిలాగా, ముప్పై నలభై ఏళ్లు అలాగే ఉంటుంది. జతల్ని కలిపి ఉంచే ప్రొటీన్లు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతాయి, విడదీసే సమయానికి ఒక క్రోమోజోమ్ అటు పోవాల్సింది ఇటు పోతుంది. రెండుజడలు గారికి జరిగింది అదే. మేము పరీక్షించే పిండాల్లో 30, 32 ఏళ్లవాళ్లవైతే మూడింట ఒకటి ఇలా తేడాగా ఉంటుంది, 40 వచ్చేసరికి సగం దాటుతుంది, 44కి నూటికి 85 పైనే. మైక్రోస్కోప్‌లో చూస్తే మాత్రం అవి కూడా గుండ్రంగా, ముద్దుగా, చక్కగానే కనిపిస్తాయి. చూసి చెప్పలేం.

ఫ్రీజింగ్ గురించి. పనికొస్తుంది. ఇప్పుడు చేసే వేగంగా గడ్డకట్టించే పద్ధతి పాత పద్ధతి కంటే చాలా మెరుగు, 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం దానికి ఉన్న 'ప్రయోగాత్మకం' అన్న ముద్ర తీసేసింది. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో అండం వయసు ఆగిపోతుంది, అదీ నిజమే. కానీ నిశ్చింత అన్న మాట నేను ఎవరికీ చెప్పను. ఒక్క అండం ఒక్క బిడ్డ కాదు. కరిగించినప్పుడు కొన్ని పోతాయి, ఫలదీకరణలో కొన్ని, ఐదో రోజు దాకా పెరగడంలో ఇంకొన్ని. 2017లోనే వచ్చిన ఒక లెక్క ప్రకారం కనీసం ఒక్క బిడ్డ పుట్టే అవకాశం 75 శాతం ఉండాలంటే 34 ఏళ్ల ఆమెకి 10 అండాలు చాలు, 37కి 20 కావాలి, 42కి 61. మీకు 1.1 ఉంటే ఒక్క విడతలో పది రాకపోవచ్చు, రెండు విడతలు పట్టొచ్చు. భాగస్వామి ఇంకా దొరకనివాళ్లకి, క్యాన్సర్ చికిత్సకి వెళ్లేవాళ్లకి నేను మొహమాటం లేకుండా చేయించుకోమంటాను. మీ పక్కన మనిషి ఉన్నాడు, ఇద్దరికీ పిల్లలు కావాలి. అండాల్ని గడ్డకట్టించే బదులు మాట్లాడుకోవడం మేలు కదండీ.

సాయంకాలం

పైన అందరూ అండాల గురించే మాట్లాడుతున్నారు. మగవాళ్ల మాట ఎవరూ ఎత్తకపోతే బాగోదు కాబట్టి రాస్తున్నా.

మేము రెండేళ్లు తిరిగాం. రెండేళ్లూ పరీక్షలన్నీ మా ఆవిడకే. రక్తం, స్కానింగులు, చివరికి ట్యూబుల్లోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసే టెస్టు కూడా, ఆ రోజు ఆమె కారులో మాట్లాడకుండా కిటికీకి తల ఆనించి కూర్చున్నది నాకు ఇప్పటికీ గుర్తే. నా వీర్య పరీక్ష ఎవరూ అడగలేదు, నేనూ చేయించుకుంటానని అనలేదు. సిగ్గు అనండి, భయం అనండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన ఫైలంతా తిరగేసి మొదట అడిగింది "మీ రిపోర్టు ఏదండీ?" అని. పావుగంట పని అది. కదలిక బాగా తక్కువ అని వచ్చింది, వెరికోసీల్ ఉంది, అంటే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం. చిన్న ఆపరేషన్, ఏడు నెలల తర్వాత సహజంగానే నెల తప్పింది. అప్పుడు నాకు 41.

పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగంలో మగవాడి వైపు కారణం ఒక్కటిగానో, ఆవిడ వైపు కారణంతో కలిసో ఉంటుందని ఆ డాక్టరే చెప్పారు. మగవాడికి వయసుతో పనిలేదు అనేది కూడా తప్పు. 2012లో ఐస్‌లాండ్ వాళ్ల జన్యువులు చదివి తేల్చారు, తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ బిడ్డకి వెళ్లే కొత్త జన్యుమార్పులు రెండు చొప్పున పెరుగుతాయని. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు. కానీ మనకి గడియారమే లేదన్నట్టు కూర్చోవడం సరికాదు.

కాబట్టి అమ్మా, మీ రిపోర్టు ఆయనకి చూపించండి, ఆయన్నీ టెస్టుకి పంపించండి, అదీ మొదటి వారంలోనే. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఈ రోజు సిగరెట్ మానేస్తే ఫలితం కనిపించేది మూడు నెలలకి. ఒత్తిడి చేసినట్టు అవుతుందన్నారు. ఆ రెండేళ్లు మా ఆవిడ నన్ను ఒత్తిడి చేసి ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

నిదానం

క్షమించాలి, కానీ ఈ థ్రెడ్ చదివితే 34 అంటే ముసలితనం అన్నట్టు ఉంది. అమెరికాలో తొలి కాన్పు సగటు వయసు 1970లో 21 దాటింది, ఇప్పుడు 27 దాటింది. దక్షిణ కొరియాలో 33 దగ్గర ఉంది. యూరప్‌లో ఇంచుమించు 30. లోకమంతా ఇటే నడుస్తోంది, అది ఆడవాళ్ల సోకు వల్ల కాదు. చదువు పూర్తయ్యేది ఇరవైల చివర్లో, ఉద్యోగం నిలదొక్కుకునేది ముప్పైల్లో, ఇల్లు ఎప్పటికో. గర్భం ఎప్పుడు రావాలో తేల్చుకునే వీలు మన చేతికి వచ్చింది, మిగతావన్నీ ఆలస్యమయ్యాయి, పిల్లలూ ఆలస్యమయ్యారు. దీనికి ఒక్కొక్క అమ్మాయినీ విడిగా నిలబెట్టి లెక్కలు చెప్పి భయపెట్టడం నాకు నచ్చదు. నేను 37లో కన్నాను, మూడో నెలకే నెల తప్పింది, ఏ ఇబ్బందీ లేదు.

గాజుపలక

నిదానం గారూ, మీ కోపం న్యాయమే. భయపెట్టాలని రాయలేదు. ఇంకో లెక్క చెప్తాను, అది మీవైపు మాట్లాడుతుంది. ఫ్రాన్స్‌లో 2004లో ఒక జనాభా శాస్త్రవేత్త వేసిన అంచనా ప్రకారం ఏ చికిత్సా లేకుండా, ఏడాది లోపు బిడ్డగా నిలిచే గర్భం వచ్చేవాళ్లు 30లో మొదలుపెడితే నూటికి 75 మంది, 35లో 66 మంది, 40లో 44 మంది. నాలుగేళ్లు ప్రయత్నిస్తే 30లో 91, 35లో 84, 40లో 64. అంటే 35 దగ్గర గోడేమీ లేదు. వాలు ఉంది, 37, 38 దాటాక ఆ వాలు ఏటవాలు అవుతుంది.

కానీ రెండుజడలు గారు చెప్పినట్టు ఎంతమంది కావాలన్నది ముందు తేల్చుకోవాలి. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు అచ్చంగా ఇదే ప్రశ్నకి లెక్కగట్టారు. కోరుకున్నంతమంది పుట్టే అవకాశం 90 శాతం ఉండాలంటే, ఐవీఎఫ్‌కి వెళ్లమనుకునేవాళ్లు ఒక్క బిడ్డ చాలనుకుంటే 32లో మొదలుపెట్టాలి, ఇద్దరు కావాలంటే 27లో, ముగ్గురు కావాలంటే 23లో. ఐవీఎఫ్‌కి సిద్ధమైతే 35, 31, 28. నూటికి 50 అవకాశం చాలనుకుంటే ఒక్క బిడ్డకి 41 దాకా ఆగొచ్చు. ఎంత రిస్క్ తీసుకుంటారో మీ ఇష్టం, ఎవరూ నిర్ణయించి చెప్పేది కాదు. అయితే ఆ అంకెలు ముందు ఉంచుకుని ఆగడం వేరు, ఏమీ తెలియక ఆగడం వేరు. ఐవీఎఫ్ ఉంది కదా అనుకునేవాళ్లకి ఒక్క మాట, సొంత అండాలతో చేసే ఐవీఎఫ్ అండం వయసుని వెనక్కి తిప్పలేదు. 45, 48లో కన్న ప్రముఖుల ఫోటోల వెనుక చాలాసార్లు దాత ఇచ్చిన అండం ఉంటుంది, అందులో తప్పేమీ లేదు, కానీ ఫోటో కింద అది రాయరు.

చివరిబెంచీ

అక్కా, నేను ఆలస్యంగా పుట్టిన బిడ్డని. అమ్మకి 41, నాన్నకి 46 ఉన్నప్పుడు పుట్టాను. నాకిప్పుడు 26. ఈ వైపు నుంచి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

స్కూల్ గేటు దగ్గర నాన్న నిలబడితే "మీ తాతగారు వచ్చారు" అనేవాళ్లు. మొదట్లో సిగ్గుపడేవాడిని, ఏడో తరగతికి వచ్చాక అలవాటైంది. నాతో బంతి ఆడటానికి నాన్న చిన్న స్టూలు తెచ్చుకుని కూర్చునేవాడు, నేను విసిరితే ఆయన కూర్చునే పట్టుకునేవాడు, పక్కకి పోతే నేనే పరిగెత్తి తెచ్చుకోవాలి. ఆ ఆట అలాగే ఉంటుందని నేను అనుకునేవాడిని. కానీ ఏ సాయంత్రమూ ఆయన నాకు టైమ్ లేదనలేదు. మా ఇంట్లో డబ్బు గురించి గొడవ నేను వినలేదు. మా ఫ్రెండ్స్ నాన్నలు పది గంటలకి ఇంటికొచ్చేవాళ్లు, మా నాన్న ఐదింటికే ఉండేవాడు.

నేను మొదటి ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఆయనకి పక్షవాతం వచ్చింది. నాకు 22. అన్నలూ అక్కలూ ఎవరూ లేరు. అమ్మకి అప్పటికే మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో "పేషెంట్ తాలూకు పెద్దవాళ్లు ఎవరు?" అని నర్సు అడిగితే వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరూ లేరు. అమ్మమ్మ, తాతయ్యలు నాకు ఫోటోల్లోనే తెలుసు. నా తోటివాళ్లు పెళ్లిళ్ల గురించి, ట్రిప్పుల గురించి మాట్లాడుకునే వయసులో నేను ఫిజియోథెరపీ టైమింగ్స్ చూసుకున్నాను. ఇప్పుడు నాన్న చేతికర్రతో నడుస్తున్నాడు.

పుట్టకపోతే బాగుండేది అని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు, అది మాత్రం గట్టిగా చెప్తున్నా. వాళ్లలా నన్ను కోరుకుని కన్నవాళ్లు తక్కువమందే ఉంటారు. కానీ ఆలస్యంగా కంటే ఈ భాగం కూడా లెక్కలోకి తీసుకోండి. ఇన్సూరెన్స్, బ్యాంకు కాగితాలు, ఏ మందు ఎవరు వేసుకుంటారు, ఇవన్నీ బిడ్డకి పద్దెనిమిది రాగానే కూర్చోబెట్టి చెప్పండి. మా నాన్న చెప్పలేదు, నన్ను టెన్షన్ పెట్టకూడదని. అలమరలో ఫైళ్లు వెతుక్కుంటూ గడిపిన ఆ వారం కంటే పెద్ద టెన్షన్ ఇంకోటి లేదు. వీలైతే మీ ఒళ్లు జాగ్రత్తగా చూసుకోండి, ఈ రోజు నుంచే. నడక, బీపీ, షుగర్. అది మీకోసం కాదు, ఆ బిడ్డ ఇరవైల కోసం.

తొలకరి

నాకు 23లో మొదటి బాబు, 26లో రెండోది. ఇప్పుడు 42, పెద్దవాడు కాలేజీలో ఉన్నాడు. ఒళ్లు సహకరించింది, అది ఒప్పుకుంటాను. కానీ చదువు మధ్యలో ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టింది 35లో, నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు నా పై అధికారులు. పెద్దవాడి మీద నేను అరిచిన అరుపులు గుర్తొస్తే ఇప్పటికీ బాధే, అప్పుడు నాకే ఏమీ తెలియదు. ముందు కన్నా ఏదో ఒకటి వదులుకోవాలి, తర్వాత కన్నా వదులుకోవాలి. ఏది వదులుకుంటే నువ్వు తట్టుకోగలవో అది నీకే తెలుస్తుంది తల్లీ.

మబ్బుచాటు

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు రోజులుగా చదివినవే మళ్లీ చదువుతున్నాను.

నిన్న రాత్రి ఆయనకి ఈ థ్రెడ్ మొత్తం చూపించాను. చదవమని ఫోన్ చేతికిచ్చి నేను బాల్కనీలోకి వెళ్లిపోయాను. అరగంటకి వచ్చి పక్కన నిలబడ్డారు. "నీ ప్రమోషన్ కోసం నువ్వే ఆగమంటున్నావనుకున్నాను" అన్నారు. నేనేమో అప్పు తీరేదాకా ఆయనకి ఇష్టం లేదనుకున్నాను. రెండేళ్లుగా ఒకరి కోసం ఒకరం ఆగుతున్నామట! నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ రెండేళ్లు ఎవరి దగ్గర అడిగి తెచ్చుకోవాలి?

గాజుపలక గారూ, అవును, నాలుగేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు. ఈ నెల ప్యాకెట్‌తో ఆపేస్తున్నాను.

డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్లాం ఈ రోజు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోమన్నారు, గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమేనట, బిడ్డ వెన్నెముక మొదటి నెలలోనే ఏర్పడుతుంది కాబట్టి. థైరాయిడ్, షుగర్, రుబెల్లా టెస్టులు రాశారు. ఏడాది ప్రయత్నించి రమ్మనేది 35 లోపువాళ్లకి, 35 దాటితే ఆరు నెలలకే రావాలి, నేను ఆ గీత మీద ఉన్నాను కాబట్టి ఆరు నెలలే పెట్టుకుందాం అన్నారు. ఇద్దరు కావాలన్న మాట కూడా చెప్పాను. మొదటిది అయ్యాక మాట్లాడదాం, కానీ రెండో దానికి మరీ ఎక్కువ గ్యాప్ పెట్టుకోవద్దు అన్నారు. ఏఎంహెచ్ కాగితం చూసి పక్కన పెట్టేశారు.

రెండుజడలు అక్కా, మానిటర్ తిప్పుకున్న ఆ డాక్టరమ్మ సంగతి నా మనసులోంచి పోవట్లేదు. మీరు అది రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియదు. అలాంటిది వస్తే నా తప్పు కాదని ముందే తెలుసు ఇప్పుడు.

చివరిబెంచీ తమ్ముడూ, మీ పోస్టు మా ఆయన రెండుసార్లు చదివారు. ఈ రోజు పొద్దున అలారం పెట్టుకుని లేచి నడకకి వెళ్లారు.

సాయంకాలం గారూ, ఆయన టెస్టు శుక్రవారం. దానికి ముందు కనీసం రెండు రోజులు దూరంగా ఉండాలట కదా, అది నేను చెప్పలేదు, ఆయనే ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కుని క్యాలెండర్‌లో రాసుకున్నారు.